చిన్న ఇంజన్ల స్టార్టింగ్ లోపాలు: బోగోలు తీరం

అంతర్దహన ఇంజను తనంతట తాను కదలదు. సిలిండరులోకి గాలి చేరి, నలిగి, ఇంధనం మండి, పిస్టన్ని ఒక్కసారి గట్టిగా నెట్టేదాకా దాన్ని బయటి బలమే తిప్పాలి. ఆ బలం మనిషి తిప్పే హ్యాండిల్ నుంచి రావచ్చు, చక్రానికి చుట్టిన తాడు నుంచి రావచ్చు, బ్యాటరీతో నడిచే సెల్ఫ్ మోటారు నుంచి రావచ్చు. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఈ పద్ధతులన్నిటికీ పని ఉంది. జువ్వలదిన్నె వైపు చేపల బోట్లు, తీరం వెంబడి రొయ్యల గుంటల గట్ల మీద జనరేటర్లు, లోపలి పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు ఇక్కడి బతుకుతెరువుకు ఆధారం. ఇంజను లేవకపోతే బోటుకు వేట పోతుంది, గుంటకు పంట పోతుంది.

ఇదే మండలంలోని బిట్రగుంటకు మరో తరం ఇంజన్లతో పేరొచ్చింది. గూడూరు–విజయవాడ రైలు మార్గంలో ఆవిరి ఇంజన్ల షెడ్డు, పెద్ద యార్డు ఉండిన ఊరది. ఆవిరి ఇంజనుకు స్టార్టరు అక్కర్లేదు. బాయిలరులో ఒత్తిడి ఉంటే చాలు, చక్రం నిలిచి ఉన్నప్పుడు కూడా ఆవిరి పిస్టన్ని పూర్తి బలంతో నెడుతుంది. దాని ఇబ్బంది వేరే చోట ఉంది: చల్లారిన బాయిలరును మళ్లీ ఒత్తిడికి తేవడానికి గంటలు పడుతుంది. డీజిల్ ఇంజను ఆ గంటల నిరీక్షణను తీసేసింది, కానీ మొదటి చుట్ల బరువును వాడేవాడి మీద పెట్టింది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గులో విజయవంతంగా నడిపి చూపిన తర్వాత, తొలి తరం డీజిల్ ఇంజన్లను సీసాల్లో నిల్వ చేసిన గాలి ఒత్తిడితో తిప్పి లేపేవారు. పెద్ద ఓడల ఇంజన్లకు నేటికీ అదే పద్ధతి. చిన్న ఇంజన్లకు ఆ ఏర్పాటు మోయలేని బరువు కనుక చేయి, తాడు, బ్యాటరీ మిగిలాయి.

ఇంజను లేవడంలో జరిగేది

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని నలిపినప్పుడు పుట్టే వేడే డీజిలును అంటిస్తుంది. 30 డిగ్రీల గాలిని పద్దెనిమిదో వంతు చోటులోకి కుదిస్తే దాని వేడి, లెక్క ప్రకారం, 550 డిగ్రీలు దాటుతుంది. సన్నని తుంపరగా పడిన డీజిలు సెకనులో వెయ్యో వంతుల వ్యవధిలో అంటుకోవడానికి అది సరిపోతుంది. అయితే ఆ లెక్క గాలి ఎక్కడా జారిపోకుండా, వేడి గోడలకు పోకుండా ఉన్నప్పటిది. చుట్టు నెమ్మదిగా సాగితే గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, ఉన్న వేడిని చల్లని ఇనుము పీల్చుకుంటుంది. అప్పుడు సిలిండరులో మిగిలే వేడి సగానికి సగం తగ్గిపోవచ్చు. ఇంజను బాగానే ఉన్నా తిప్పే చేతిలో వేగం లేక లేవకపోవడం అందుకే జరుగుతుంది.

ఈ వేగం కోసమే ఒంటి సిలిండరు ఇంజన్లకు డీకంప్రెషన్ లివరు పెడతారు. దాన్ని నొక్కి ఉంచితే వాల్వు కాస్త తెరుచుకుని ఉంటుంది, గాలి నలగదు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. బరువైన చక్రం వేగం అందుకున్నాక లివరు వదిలితే, చక్రంలో నిలవైన శక్తి పిస్టన్ని మొదటి కంప్రెషను దాటిస్తుంది. చక్రంలో నిలిచే శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. కాబట్టి లివరు వదలడానికి ముందు ఇంకో నాలుగు చుట్లు ఓపిక పట్టడం కండబలం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే, చక్రం ఊపందుకోకముందే లివరు వదిలేస్తారు.

మొత్తం మీద డీజిల్ ఇంజను లేవడానికి చాలినంత వేగం, నిలిచే కంప్రెషను, గాలీ నీరూ కలవని ఇంధనం సరైన సమయంలో తుంపరగా పడటం అవసరం. పాశ్చాత్య దేశాల పుస్తకాలు వీటికి తోడు చలిని పెద్ద సమస్యగా చూపి, హీటర్లకూ గ్లో ప్లగ్గులకూ పేజీలు కేటాయిస్తాయి. నెల్లూరు తీరంలో చలి లెక్కలోకి రాదు. ఇక్కడి శత్రువులు ఉప్పుగాలి, ఇంధనంలో చేరే నీరు, నెలల తరబడి ఇంజను కదలకుండా ఉండటం. లోపం వెతికేవారు ఈ మూడింటినీ ముందు అనుమానించాలి.

తీరపు బోట్లకు ఇంజను వచ్చిన తీరు

కోరమండల్ తీరంలో రేవులు తక్కువ. బోటును అలల మీదుగా ఇసుక ఒడ్డుకే చేర్చాలి, ఒడ్డు నుంచే నీళ్లలోకి తోయాలి. తెప్పలు, నావలు శతాబ్దాలుగా ఆ పని చేశాయి. కింద నీటిని నెట్టే ఫ్యాను వేలాడే మామూలు ఇంజను అలలు విరిగే చోట ఇసుకకు తగిలి విరుగుతుంది. ఈ చిక్కును తీర్చడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు చేరే బోట్ల నమూనాలను తయారుచేసింది. చిన్న డీజిల్ ఇంజనును పెట్టెతో సహా పైకి లేపగలిగేలా అమర్చడం వాటి ముఖ్య విశేషం. తర్వాత 2004 డిసెంబరు సునామీ అనంతర పునరావాసంలో ఫైబరు బోట్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. పొడవాటి ఇనుప కడ్డీ చివర ఫ్యాను ఉండి, బోటు మీద నుంచే ఎత్తి దించగలిగే ఇంజను వాటితో పాటు స్థిరపడింది. గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను దీనికి అనువైనది. ఇటలీ సంస్థ లొంబార్దిని నమూనాలతో మన దేశంలో గ్రీవ్స్ పేరుతో తయారైన ఇంజన్లు ఈ తీరంలో బాగా వాడుకలోకి వచ్చాయి. వీటిని హ్యాండిల్‌తోనో తాడుతోనో లేపుతారు.

పొలాల్లోని ఆయిల్ ఇంజన్లది ఇంకా పాత చరిత్ర. ఇంగ్లండులో లిస్టర్ సంస్థ 1929లో తెచ్చిన, నిమిషానికి 600 చుట్లు తిరిగే 5 గుర్రాల ఇంజను నమూనాను గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాలపాటు తయారుచేశాయి. దానికంటే వేగంగా, 1,500 చుట్లు తిరిగే రకాన్ని పీటర్ ఇంజను అంటారు. నెమ్మది ఇంజనుకు పెద్ద బరువు చక్రాలు ఉంటాయి కనుక ఒకసారి ఊపందుకుంటే లేవకుండా ఉండటం అరుదు. తేలికైన వేగపు ఇంజను కాస్త ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది.

లోపాన్ని వెతికే క్రమం

లేవని ఇంజను ముందు చాలామంది చేసే మొదటి పని డీజిలును తుంపరగా చల్లే నాజిల్ విప్పడం. అది చివర చేయాల్సిన పని. ఏ సామానూ విప్పకుండా తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి. ఇంజను తిరుగుతోందా లేదా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి.

డీకంప్రెషన్ లివరు నొక్కినా చక్రం కదలకపోతే ఇంజను దేనికో పట్టుకుపోయినట్టు. బోటు ఇంజనులో దీనికి కారణం తరచుగా ఇంజనులో ఉండనే ఉండదు. ఫ్యాను కడ్డీకి వల పోగులో, తాడు ముక్కో చుట్టుకుని బిగిసి ఉంటుంది, లేదా ఫ్యాను ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. క్లచ్చి లేని అమరికలో ఫ్యానును నీళ్లలో ఉంచి లేపడమంటే నీటినీ కలిపి తిప్పడమే. ఫ్యానును పైకెత్తి చూడాలి. అప్పటికీ కదలకపోతే సిలిండరులో నీరు చేరిందా, తుప్పుకు రింగులు అతుక్కున్నాయా అన్న ప్రశ్నలు వస్తాయి. అలాంటప్పుడు బలవంతంగా తిప్పడం ప్రమాదకరం. నీరు నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

చక్రం తిరుగుతూ ఉండి ఇంజను లేవనప్పుడు పొగగొట్టం వైపు చూడాలి. అంత నమ్మకమైన సాక్ష్యం ఇంకోటి లేదు. గట్టిగా తిప్పినా పొగ చుక్క రాకపోతే డీజిలు సిలిండరుకు చేరడం లేదు. తెల్లని పొగ, ఘాటైన వాసన వస్తే డీజిలు పడుతోంది కానీ అంటుకోవడం లేదు. అంటే వేడి చాలడం లేదు, లేదా డీజిలులో నీరుంది, లేదా ఇంజెక్షను సమయం తప్పింది. నల్లని పొగతో ఇంజను దగ్గి ఆగిపోతుంటే గాలి చాలడం లేదు. గాలి ఫిల్టరు ఉప్పు, దుమ్ము, నూనెతో పూడుకుపోయి ఉండవచ్చు. ఈ ఒక్క పరిశీలన సగం పనిని తప్పిస్తుంది.

పొగ లేనప్పుడు వెతుకులాట ట్యాంకు నుంచి మొదలై నాజిల్ దాకా, డీజిలు నడిచే దారిలోనే సాగాలి. ట్యాంకు కుళాయి తెరిచి ఉందా, స్టాప్ లివరు నడిచే వైపు ఉందా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ, చీకట్లో తొందరగా బయలుదేరే బోట్ల మీద వీటినే ఎక్కువగా మరిచిపోతారు. ట్యాంకు మూతకు ఉండే సన్నని గాలి రంధ్రాన్ని ఉప్పు పూడ్చేస్తే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఇంజను బాగా లేస్తుంది, కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతుంది, కాసేపాగి తిప్పితే మళ్లీ లేస్తుంది. మూత సడలించి చూస్తే విషయం తేలిపోతుంది.

డీజిలు గొట్టంలో గాలి చేరడాన్ని ఎయిర్ లాక్ అంటారు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినప్పుడు, ఫిల్టరు మార్చినప్పుడు, గొట్టపు బిగింపు వదులైనప్పుడు ఇది తప్పదు. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. పంపు ఎంత నెట్టినా గొట్టంలోని గాలి బుడగ స్ప్రింగులా నొక్కుకుని విప్పారుతుంది తప్ప, నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన ఒత్తిడి రాదు. ఈ తరహా ఇంజన్లలో ఆ ఒత్తిడి 180, 200 బార్ల ప్రాంతంలో ఉంటుంది. ఎయిర్ తీయడానికి ముందు ఫిల్టరు మీది స్క్రూను, తర్వాత పంపు మీది స్క్రూను వదులు చేసి, బుడగలు లేని డీజిలు కారేదాకా ఆగి బిగించాలి. ఆ పైన నాజిల్ దగ్గరి నట్టును కాస్త వదిలి చక్రం తిప్పి, అక్కడా నిండు చుక్కలు వచ్చాక బిగిస్తారు. అన్నీ సరిగా ఉంటే చక్రం చేత్తో తిప్పినప్పుడు నాజిల్ దగ్గర చిన్నగా కిర్రుమనే మోత వినిపిస్తుంది. విప్పిన నాజిల్ తుంపర ముందు వేలు పెట్టి చూడటం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, గాయం పైకి చిన్నగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినంత తీవ్రమైనది.

ఇంధనంలో నీరు ఈ తీరానికి పట్టిన శాశ్వత పీడ. క్యాన్లలో డీజిలు తెచ్చి, అలల తుంపరల మధ్య పోసేటప్పుడు కొంత నీరు చేరుతుంది. సగం నిండిన ట్యాంకులో పగటి తేమగాలి రాత్రి చల్లబడి గోడలకు చెమ్మగా పట్టి ఇంకొంత చేరుస్తుంది. నీరు డీజిలు కంటే బరువు కనుక అడుగున నిలుస్తుంది. ట్యాంకు అడుగు బిరడా తిప్పి మొదటి గ్లాసెడు ఒక గాజు సీసాలోకి పట్టి ఆపి చూస్తే విడిపోయిన పొర కనిపిస్తుంది. ఆ రెండు పొరలు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురై ఫిల్టరును మూసేస్తాయి. వేటకు వెళ్లే ముందు అడుగు నీరు తీసే అలవాటున్న బోట్లలో పంపు, నాజిల్ ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలితమిచ్చే పని ఇంజను సంరక్షణలో మరొకటి లేదు.

తెల్లని పొగ వస్తూ ఇంజను లేవనప్పుడు కంప్రెషను చూడాలి. లివరు వాడకుండా చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే పిస్టను పైకొచ్చే చోట గట్టిగా ఎదురు తిరిగి, స్ప్రింగులా వెనక్కి నెట్టాలి. మెత్తగా దాటిపోతే గాలి ఎక్కడో జారుతోంది. గాలి లోపలికి వెళ్లే దారిలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు వేసి మళ్లీ తిప్పి చూస్తే ఎక్కడో తేలుతుంది. గట్టితనం పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. తేడా లేకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, లేదా హెడ్డు గాస్కెట్టు పోయింది. ఆయిలు చెంచాకు మించకూడదు, ఎక్కువైతే అది కూడా నీరులాగే పిస్టన్ని అడ్డుకుంటుంది. టాపెట్ల ఎడం మరీ తగ్గిపోయినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. కొత్త గాస్కెట్టు వేశాక లేవని ఇంజనులో ముందు చూడాల్సింది ఇదే. తయారీదారు చెప్పిన ఎడాన్ని, చల్లగా ఉన్న ఇంజనులో, ఫీలర్ గేజితో సరిచేస్తారు.

ఇంజను మొరాయించినప్పుడు గాలి గొట్టంలోకి ఈథరు స్ప్రే కొట్టడం కొన్ని చోట్ల కనిపించే అడ్డదారి. ఈథరు డీజిలు కంటే చాలా ముందే, పిస్టను ఇంకా పైకొస్తుండగానే పేలుతుంది. ఆ దెబ్బకు రింగులు విరుగుతాయి, హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది. వెనక్కి తన్నే హ్యాండిల్ ఈథరు లేకుండా కూడా ప్రమాదమే. దాన్ని పట్టుకునేటప్పుడు బొటనవేలిని మిగిలిన వేళ్ల వైపే ఉంచడం, తాడును చేతికి చుట్టుకోకుండా పిడితోనే లాగడం మణికట్టును కాపాడే నియమాలు.

వేట నిషేధం తర్వాత

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం అమల్లో ఉంటుంది. 2015కు ముందు ఇది 45 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలానికి ఇది రక్ష, ఇంజన్లకు మాత్రం కఠిన పరీక్ష. కదలని పంపులో ప్లంజరు చుట్టూ ఉన్న డీజిలు ఆరి బంకగా మారుతుంది, చేరిన నీరు తుప్పు పట్టిస్తుంది, డీజిలు పాళ్లు నిర్ణయించే కడ్డీ స్టాపు స్థానంలోనే బిగిసిపోతుంది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, పొగ మాత్రం రాదు. నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున ఒడ్డున లేవని ఇంజన్ల వెనక ఎక్కువగా ఉండేది ఈ బిగుసుకుపోయిన పంపే.

నివారణ చాలా సులువు. నిషేధం మొదలయ్యే రోజున ట్యాంకును పూర్తిగా నింపాలి, అప్పుడు తేమగాలికి చోటుండదు. పాత ఆయిలులో చేరిన ఆమ్లాలు బేరింగులను తినకుండా కొత్త ఆయిలు పోసి కొన్ని నిమిషాలు నడపాలి. పిస్టన్ని కంప్రెషను స్థానంలో ఆపితే రెండు వాల్వులూ మూసుకుని ఉప్పుగాలి సిలిండరులోకి దూరదు. వారానికోసారి చక్రాన్ని చేత్తో కొన్ని చుట్లు తిప్పడం, పొగగొట్టం నోటికి గుడ్డ కట్టడం మిగిలిన జాగ్రత్తలు. ఇదే వరస ఈశాన్య రుతుపవనాల తుపాను రోజుల్లో బోట్లను ఒడ్డుకు చేర్చినప్పుడూ పనికొస్తుంది, ఎందుకంటే నెల్లూరుకు ఎక్కువ వాన అక్టోబరు–డిసెంబరు మధ్యే.

అలలో మునిగిన ఇంజను

బోటు అలకు తిరగబడి ఇంజను సముద్రంలో మునిగినప్పుడు కాలం గంటల్లో లెక్క. నీళ్లలో ఉన్నంతసేపు జరిగే నష్టం కంటే, బయటికి తీశాక గాలి తగిలినప్పుడు పట్టే తుప్పు ఎక్కువ. నాజిల్‌ను విప్పి తీసేసి, ఆ రంధ్రం తెరిచి ఉండగా చక్రాన్ని నెమ్మదిగా తిప్పి సిలిండరులోని నీటిని వెళ్లగొట్టాలి. బయటా లోపలా మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టాలి. పాలరంగుకు మారిన ఆయిలును పూర్తిగా తీసి, సిలిండరులో కొంచెం ఆయిలు పోసి తిప్పి, ట్యాంకు, ఫిల్టరు, గొట్టాలు ఖాళీ చేసి కొత్త డీజిలు నింపాలి. ఆ రోజే ఇంజనును నడిపి వేడెక్కించగలిగితే లోపలి తేమ ఆవిరవుతుంది. వేసిన ఆయిలును కూడా కొద్ది గంటల నడక తర్వాత మార్చాలి. ఆ రోజు మెకానిక్ దొరకకపోతే మంచినీటితో కడిగి, సిలిండరునూ క్రాంకు పెట్టెనూ డీజిలుతో నింపి ఉంచడం మేలు. గాలి తగలని ఇనుము తుప్పు పట్టదు. అలా నింపినదాన్ని ఖాళీ చేయకుండా తిప్పకూడదని బోటు మీద అందరికీ తెలిసి ఉండాలి.

సెల్ఫ్ మోటార్లు, గుంటల జనరేటర్లు

మోటారు కార్లకు విద్యుత్ స్టార్టరును అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఈ తీరంలో దాని అవసరం ఎక్కువగా కనిపించేది రొయ్యల గుంటల దగ్గర. 2009లో దేశంలో వనామీ సాగుకు అనుమతి వచ్చాక నెల్లూరు గుంటల్లో రొయ్యల సాంద్రత పెరిగింది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల మీద ఆధారం దానితో పాటే పెరిగింది. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగు బురద కలిసి ఆక్సిజన్ను వాడుకుంటాయి, కనుక తెల్లవారే ముందు అది అతి తక్కువకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములు దిగితే రొయ్యలు ఇబ్బంది పడతాయి. ఆ వేళ కరెంటు పోయి జనరేటరు సెల్ఫ్ అందుకోకపోతే నెలల పెట్టుబడి గంటల్లో తేలిపోతుంది. అందువల్ల ఇక్కడ స్టార్టింగ్ లోపాన్ని ముందే పట్టుకోవడం వ్యవసాయపు పనిలో భాగమే.

సెల్ఫ్ తిరగకపోవడంలో అందరినీ తికమక పెట్టేది ఒకటుంది: బల్బు బాగా వెలుగుతుంది, మీట నొక్కితే టక్కుమని చప్పుడొస్తుంది, మోటారు మాత్రం తిరగదు. బల్బుకు కావలసింది కొన్ని ఆంపియర్లు, సెల్ఫ్ మోటారుకు రెండు వందలు. బ్యాటరీ మూతి దగ్గర ఓములో నూరో వంతు అడ్డంకి ఉన్నా రెండు వందల ఆంపియర్లకు 2 వోల్టులు అక్కడే పోతాయి. బల్బుకు ఆ నష్టం తెలియనే తెలియదు. టర్మినళ్ల మీది తెల్లటి, పచ్చటి పొడిని వేడి నీళ్లతో కడిగి, మెరిసేలా గీకి, బిగించి, పైన గ్రీజు పూయడం మొదటి వైద్యం. తర్వాత ఇంజను నుంచి బ్యాటరీ నెగటివుకు వెళ్లే ఎర్తు తీగను చూడాలి. తీగల పై తొడుగు చక్కగా ఉన్నా లోపలి రాగి ఉప్పుకు నల్లబడి పొడిపొడిగా మారి ఉండటం తీరంలో తరచు జరిగేదే.

బ్యాటరీ సత్తువ వోల్టుమీటరు చెబుతుంది. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గరుంటే దాదాపు ఖాళీ. అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూసేది. అప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనం. పడిపోకుండా ఉండీ మోటారు తిరగకపోతే లోపం తీగల్లోనో, సోలినాయిడులోనో, మోటారు బ్రష్షుల్లోనో ఉంది. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజను కదలకపోతే పళ్లచక్రం ముందుకు జరగడం లేదు, లేదా దాని ఒకవైపు క్లచ్చి జారుతోంది. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, రెండు ప్రయత్నాల మధ్య నిమిషమో రెండు నిమిషాలో ఆగాలి. వరసగా కొడుతూ పోతే బ్యాటరీతో పాటు మోటారు చుట్టలు కూడా కాలిపోతాయి.

వేడి ప్రదేశంలో బ్యాటరీ ఊరకే ఉండి కూడా ఖాళీ అవుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ నష్టం సుమారు రెట్టింపు. ఖాళీగా వదిలేసిన బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ చార్జి ఎక్కదు. వారానికోసారి జనరేటరును లోడుతో అరగంట నడపడం బ్యాటరీనీ, డీజిలు దారినీ, ఆయిలునూ ఒకేసారి పరీక్షిస్తుంది. పంటకు సంబంధించిన ఇంత ముఖ్యమైన పనిని కరెంటు పోయేదాకా వాయిదా వేయడం తగదు. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల నిషిద్ధం. మూసిన గదిలో జనరేటరు నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది.

కిరోసిన్ ఇంజన్లు

కేరళ తీరంలో ఎక్కువగా వాడే కిరోసిన్ అవుట్‌బోర్డు ఇంజన్లు వేరే జాతివి. వీటికి ప్లగ్గు ఉంటుంది. కిరోసిన్ చల్లని ఇంజనులో చాలినంత ఆవిరవదు కనుక వీటిని పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కార్బురేటరులోని కిరోసిన్ ఖాళీ చేయాలి. అలా చేయకపోతే మర్నాడు ఎంత లాగినా లేవదు. తడిసిన ప్లగ్గు, మసి పట్టిన ప్లగ్గు మిగిలిన సాధారణ కారణాలు.

రిమోటు కార్ల నైట్రో ఇంజను

తాడు లాగి లేపే ఇంజన్ల కుటుంబంలో అతి చిన్నది రేడియో కంట్రోలు కార్లలోని నైట్రో ఇంజను. సిలిండరు పరిమాణం 2 నుంచి 3.5 సీసీల ప్రాంతంలో ఉంటుంది. మిథనాల్, నైట్రోమీథేన్, నూనెల మిశ్రమం దీని ఇంధనం. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్గు దీనికి ప్రాణం. ప్లగ్గులోని ప్లాటినం తీగను 1.5 వోల్టుల సెల్లుతో ఎర్రబారేలా వేడిచేస్తారు. ఇంజను లేచాక సెల్లు తీసేసినా, ప్లాటినం సమక్షంలో మిథనాల్ మండే వేడితోనే తీగ వెలుగుతూ ఉంటుంది.

ఇక్కడ కూడా వెతికే క్రమం పెద్ద ఇంజనుదే. తాడు కదలకపోతే ముందు అనుమానించాల్సింది సిలిండరులో ఇంధనం నిండిపోవడాన్ని. ప్లగ్గు విప్పి, కారును తలకిందులు చేసి, నాలుగుసార్లు తాడు లాగితే ద్రవం చిమ్ముతుంది. బలవంతంగా లాగితే తాడు తెగుతుంది, లేదా కనెక్టింగ్ రాడ్డు పోతుంది. కొత్త ఇంజను పైస్థానంలో బిగుసుకోవడం మాత్రం లోపం కాదు. దాని సిలిండరు పైకి పోయేకొద్దీ సన్నబడేలా చేస్తారు, వేడెక్కినప్పుడే కొలత కుదురుతుంది. తలభాగాన్ని హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి లాగితే తేలిగ్గా దాటుతుంది. తాడు తేలిగ్గా వచ్చి ఇంజను అసలు తిరగకపోతే ఒకవైపు బేరింగు జారుతోంది. దాన్ని తీసి నూనె జిడ్డు శుభ్రం చేయాలి, అరిగితే మార్చాలి. తాడును చివరిదాకా లాగడం వల్లే ఈ స్టార్టర్లలో స్ప్రింగులు విరుగుతాయి. చిన్న, చురుకైన లాగుళ్లు చాలు.

ఇంజను తిరుగుతూ లేవకపోతే ప్లగ్గును బయటికి తీసి సెల్లు తగిలించి చూడాలి. తీగ అంతా సమంగా ఎర్రబడాలి. మసకగా ఉంటే సెల్లు పాతబడింది, వెలుగు లేకపోతే తీగ తెగింది. తర్వాత గొట్టంలో ఇంధనం కార్బురేటరు దాకా వస్తోందా అని చూస్తారు. కార్బురేటరు సూదులను ఇష్టం వచ్చినట్టు తిప్పి దారి తప్పితే కర్మాగారపు అమరికకు తిరిగి రావడమొక్కటే దారి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సముద్రపు ఊళ్లలో సగం వాడిన డబ్బా త్వరగా పాడవుతుంది. నడక ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనాన్ని మండించేసి, సిలిండరులో రెండు చుక్కల ఆఫ్టర్ రన్ నూనె వేసి తాడు లాగి ఉంచితే బేరింగులకు తుప్పు పట్టదు.